ఐదో నెలలో పట్టిన గ్రహణం

నా బిడ్డ పై పెదవిని నేనే కోశానని ఎనిమిదేళ్లు నమ్మాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో కూడా అనలేదు. నాకు నోరెక్కువని మా ఊళ్లో అందరికీ తెలుసు. బస్సులో సీటు దగ్గర్నుంచి రేషన్ షాపు లైను దాకా ఎక్కడైనా, ఎవరితోనైనా జగడం పెట్టుకోగలను. ఆ ఒక్క విషయంలో మాత్రం నోరు కుట్టేసుకున్నాను.

మాది ఇంద్రేశం. అప్పటికింకా ప్లాట్లు పడలేదు, ఇంటి వెనక జొన్న చేను ఉండేది. మా ఆయన ఒక కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. నేను పటాన్‌చెరులో మందుల ముడిసరుకు తయారుచేసే ఇంకో కంపెనీలో లేబుళ్ల పని చేసేదాన్ని. ఇంటర్ పాసైన కోడలని మా అత్తమ్మకు నా మీద కొంచెం గర్వం, చాలా కోపం. రెండూ దాచుకునే మనిషి కాదు. ఇంట్లో రెండు బర్రెలుండేవి, వాటిని ఎలా తిట్టేదో నన్నూ అలాగే తిట్టేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు.

నా పని చెప్పుకోవడానికి చిన్నది. తయారైన మందు పొడిని డ్రమ్ముల్లో నింపి స్టోరులో పెడతారు. ముందు డ్రమ్ము మీద పసుపు లేబుల్ ఉంటుంది, అంటే ఇంకా పరీక్ష కాలేదు, ముట్టొద్దని. ల్యాబు వాళ్లు శాంపిల్ చూసి, బాగుందని చీటీ పంపితే అప్పుడు నేను ఆకుపచ్చ లేబుల్ అంటిస్తాను. అది లేకపోతే లోపల బంగారం ఉన్నా సరే, గేటు దాటదు. ఒకసారి నేను ఒక్క డ్రమ్ముకు లేబుల్ మరిచిపోతే, లారీ దాన్ని వదిలేసి మిగతావాటితో వెళ్లిపోయింది. మందు మంచిదే, డ్రమ్ము నిండుగానే ఉంది, అయినా స్టోరులో మూలకు కూర్చుంది. ఆ రోజు సూపర్‌వైజరు పెట్టిన చీవాట్లు ఇంకా గుర్తున్నాయి.

తొంభైల నడుమ ఒక ఏడు, నాకు ఐదో నెల నడుస్తున్నప్పుడు, పొద్దున పూట సూర్యగ్రహణం పట్టింది. ముందు రోజు సాయంత్రమే అత్తమ్మ హుకుం జారీ చేసింది. డ్యూటీకి పోవద్దు, తలుపు కిటికీ మూసుకుని వెల్లకిలా పడుకోవాలి, కత్తి ముట్టొద్దు, సూది ముట్టొద్దు, గోరుతో గీరుకోవడం కూడా వద్దు. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం పూట ఏదైనా కోస్తే బిడ్డ పెదవి తెగుతుందని మా వైపు పసిపిల్లకు కూడా తెలుసు. అందుకే అలాంటి పిల్లలను గ్రహణం మొర్రి అంటారు. నాకూ భయమే, కాదనను. కానీ ఆమె చెప్పిన తీరుకు ఒళ్లు మండింది. చదువుకున్నదాన్ని చీకటి గదిలో పడుకోబెడతావా అని ఎదురు మాట్లాడాను. మాటా మాటా పెరిగింది. పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని, ఆమె గ్రహణం పట్టు, విడుపు చూడటానికి వాకిట్లో పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడుతుంటే, పక్కనుంచి విసవిసా నడిచి వెళ్లిపోయాను.

కంపెనీలో ఆ రోజు సగం మంది ఆడవాళ్లు రాలేదు. బీహారు నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీలు బకెట్లో నీళ్లు పట్టుకుని అందులో సూర్యుణ్ని చూస్తున్నారు. స్టోరు రేకుల కింద ఎండ పలచబడి, మబ్బు పట్టినట్టయింది. సరిగ్గా అప్పుడే లేబుళ్ల కట్ట కావాలన్నారు. కట్టకు ప్లాస్టిక్ పట్టీ గట్టిగా బిగించి ఉంది. బల్ల మీద బ్లేడుంది. చేతికి అలవాటైన పని, ఆలోచించకుండానే పట్టీ కోసేశాను. కోశాక గ్రహణం గుర్తొచ్చింది. బ్లేడు కింద పడేసి కడుపు పట్టుకుని నిలబడ్డాను. సాయంత్రం ఇంటికి వస్తే అత్తమ్మ ఏమైనా కోశావా అని అడిగింది. లేదత్తమ్మా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా అని అబద్ధం చెప్పాను.

సంగారెడ్డి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి, ఒక్క క్షణం ఆగి నా పక్కన పెట్టింది. పై పెదవి ఎడమ వైపు ముక్కు దాకా చీలి ఉంది. నోరు తెరిస్తే అంగిలి కూడా చీలిందని తెలిసింది. నాకు ఏడుపు రాలేదు. బ్లేడు ఒక్కటే కళ్ల ముందు కనిపించింది. ఇప్పుడు అత్తమ్మ చూస్తుంది, నా జుట్టు పట్టుకుని అడుగుతుంది అని కళ్లు మూసుకున్నాను. ఆమె బిడ్డను తీసుకుని చాలాసేపు చూసింది. మా ఆయనను పిలిచి, ఇంటికి పోయి అటక మీద ఉన్న ఉగ్గుగిన్నె జల్దీ పట్టుకు రమ్మని పంపింది.

అంగిలి చీలిన బిడ్డ పాలు చీకలేదు. పాలు పడితే ముక్కులోంచి వచ్చేవి. అత్తమ్మ పిల్లను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, ఉగ్గుగిన్నె మూతితో బుగ్గ లోపలికి చుక్క చుక్క పోసేది. ఒక్కోసారి గంట పట్టేది. నేను మూడో నెలలో మళ్లీ డ్యూటీకి పోతూ పాలు పిండి పెట్టి వెళితే, ఆమె బర్రెల పని, వంట పని అన్నీ పక్కన పెట్టి అదే పనిగా కూర్చునేది. ఎవరైనా వచ్చి పలకరిస్తే తల ఎత్తేది కాదు. బిడ్డ ఐదు కిలోలైతే పెదవి కుడతామని పట్నంలో డాక్టరు చెప్పాడు. మా ఊరి కిరాణా కొట్టాయన ప్రతి ఆదివారం తన తరాజు పళ్లెం కడిగి, దాని మీద తువ్వాలు పరిచి, ముందు పిల్లను తూచి ఆ తర్వాతే బియ్యం తూచేవాడు. ఐదు కిలోలైన రోజు ఆయనే ఊరంతా చెప్పాడు. ఆయనకూ, నా కోసం షిఫ్టులు మార్చుకున్న తోటి ఆడవాళ్లకూ నేను ఎంతో రుణపడి ఉన్నాను. అప్పుడు థ్యాంక్స్ చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. అంత పరేషాన్‌లో ఉన్నాను.

నాలుగో నెల దాటాక పెదవి కుట్టారు. ఏడాదిన్నరకు అంగిలి. కుట్టిన డాక్టరు గ్రహణం సంగతి ఎత్తగానే, అవన్నీ మూఢనమ్మకాలమ్మా, మీలాంటి చదువుకున్నవాళ్లు కూడా ఇలా మాట్లాడతారా అని విసుక్కున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నన్ను తెలివితక్కువదాన్నన్నాడే గానీ, గ్రహణానికీ బిడ్డ పెదవికీ సంబంధం లేదని ఎలాగో చెప్పలేదు. ఆ మాట నా లోపలికి పోలేదు.

ఈలోపు ఊళ్లో అందరూ అడగడం మొదలుపెట్టారు. మా ముందు గదిలో కిరాయికి ఉన్న గుంటూరు వైపు ఆవిడ కూడా, కోడలు గ్రహణం పూట ఏం కోసిందండీ అని అత్తమ్మను అడిగింది. నేను లోపల గదిలో బిడ్డను జోకొడుతున్నాను. అత్తమ్మ గొంతు తలుపు సందులోంచి స్పష్టంగా వినపడింది.

"కోడలు ముట్టలే. గ్రహణం పూట కొడవలి వట్టింది నేను. తప్పు నా చేతిదే."

ఆమెకు నా బ్లేడు సంగతి తెలిసిపోయిందేమో, నన్ను లోకం నోట్లో పడకుండా కాపాడటానికి లేని కొడవలిని పుట్టించిందేమో అనుకున్నాను. ఆ ఒక్కరికే కాదు, అడిగిన ప్రతి మనిషికీ అదే జవాబు చెప్పింది. బావి దగ్గరా చెప్పింది, పెళ్లిళ్లలోనూ చెప్పింది. నేను లేచి వెళ్లి, కాదు, నేనే కోశానని అనాలి కదా. అనలేదు. ఆమె మీద ప్రేమ ముంచుకొచ్చింది, ఆ ప్రేమ చాటున నా పిరికితనం హాయిగా దాక్కుంది. అప్పటి నుంచి ఆమె తిట్టినా నేను ఎదురు చెప్పడం తగ్గించాను. కోడలికి బుద్ధి వచ్చిందని ఆమె అనుకుంది.

పిల్లకు ఎనిమిదేళ్లు వచ్చాయి. మాట కొంచెం ముక్కులోంచి వచ్చేది, అయినా వాగుడుకాయ, నా పోలికే. నాయనమ్మ పక్కనే పడుకునేది, నాయనమ్మ కలిపి పెడితేనే తినేది. ఒకరోజు బడి నుంచి వచ్చి సంచి విసిరికొట్టింది. అత్తమ్మ అన్నం కలిపి ముద్ద చేతికందిస్తే తీసుకోలేదు. ఎందుకే అంటే మొహం తిప్పుకుని అవతలికి పోయింది. రాత్రి చాప తెచ్చి నా మంచం పక్కన వేసుకుంది. రెండు రోజులయ్యాక నేను గద్దిస్తే అప్పుడు చెప్పింది.

"నాయనమ్మ కొడవలి వట్టి నా పెదివి కోసిందంట గదా. బళ్ల అందరు అంటుండ్రు."

చుక్క చుక్క పోసి బతికించిన చేతి నుంచి పిల్ల ముద్ద తీసుకోవడం లేదు. తప్పు చేసిందేమో నేను. ఆ సాయంత్రమే చెప్పేయాలి, చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కానీ చెబితే పిల్ల నా చేతి ముద్ద కూడా తీసుకోదేమో అన్న భయంతో మళ్లీ మూసుకున్నాను. అత్తమ్మ మాత్రం మనవరాలిని ఒక్క మాట అనలేదు. పళ్లెంలో అన్నం పెట్టి, పిల్లకు అందేంత దూరంలో ఉంచి, తాను బర్రెల దగ్గరికి వెళ్లిపోయేది.

అదే వారంలో పట్నంలో దవాఖానకు పోవాల్సి వచ్చింది. పై పంటి చిగురు దగ్గర ఎముకలో సందు మిగిలింది, కొత్త పళ్లు వచ్చే ముందు అది పూడ్చాలన్నారు. ఈసారి చూసింది ఒక లేడీ డాక్టరు, నా కంటే ఓ పదేళ్లు పెద్దదై ఉంటుంది. పిల్లను ఎక్స్‌రేకు పంపించి, నన్ను కూర్చోమంది. నేను కూర్చోగానే, అసలు ఇది ఎందుకు వస్తుంది మేడమ్, నాకు అర్థమయ్యేలా చెప్పండి, మూఢనమ్మకం అని మాత్రం అనకండి అన్నాను. జగడానికి వచ్చినట్టే అడిగాను. ఆమె కోపం తెచ్చుకోలేదు.

కడుపులో బిడ్డ ముఖం ఒక్క ముద్దగా రాదని చెప్పింది. ముక్కు వైపు నుంచి కొంత, రెండు బుగ్గల వైపు నుంచి కొంత పెరిగి, మధ్యలో వచ్చి కలుస్తాయట. తగిలితే చాలదు, వాటి నడుమ ఉన్న పల్చటి పొర పోవాలి, అప్పుడే అతుకు పడుతుంది. ఆ పనంతా చేయించేవి ప్రొటీన్లట. నాకు ప్రొటీన్ అంటే పప్పు, గుడ్డు అంతే. గుడ్లు తినకపోవడం వల్లా అని అడిగాను. ఆమె నవ్వి, ఇవి తినేవి కావు, ఒళ్లు తనకు తాను తయారుచేసుకునేవి, వేల రకాలుంటాయి అంది. అయితే చాలా వాటి విషయంలో, తయారైనంత మాత్రాన ప్రొటీన్ పనిలోకి దిగదట. ఫాస్ఫేటో, చక్కెర లాంటిదో, ఒక చిన్న తునక వచ్చి దానికి సరైన చోట అంటుకోవాలి. అంటుకుంటేనే అది పని మొదలుపెడుతుంది. ఇంకో రకం తునక అంటుకుంటే, ఇక నీ పని అయిపోయిందని ఒళ్లే దాన్ని తీసిపారేస్తుంది. ముఖం అతుక్కునే ఆ కొద్ది రోజుల్లో అలా అంటుకోవాల్సింది అంటుకోకపోతే, ప్రొటీన్ ఉండి కూడా లేనట్టే, అతుకు పడదు.

"పచ్చ లేబుల్ పడలేదన్నట్టు," అన్నాను.

అదేంటని అడిగింది. నా పని సంగతి, ఆ రోజు లారీ వదిలేసి వెళ్లిన డ్రమ్ము సంగతి చెప్పాను. ఆమె చేతిలో పెన్ను పక్కన పెట్టి మొత్తం విన్నది. సరిగ్గా అదే అంది, ఇక మీదట నేను కూడా ఇలాగే చెప్తాను అంది. నాకు ఆ కష్టంలోనూ కొంచెం గొప్పగా అనిపించింది. అయితే నా బిడ్డకు ఆ లేబుల్ ఎందుకు పడలేదు, ఎవరి తప్పు అని నిలదీశాను. కొన్ని ఇళ్లలో వంశంలోంచి వస్తుందట. కొందరిలో ఎందుకో ఎవరికీ తెలియదట, ఇలాంటివి ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్నారట. మీ పాపకు ఏది తప్పిందో నాకు తెలియదు, తెలియనిది తెలుసని చెప్పను అంది.

ఆ మాటతో నాకు ఆమె మీద గురి కుదిరింది. ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పనిది అక్కడ, ఆ బల్ల ముందు చెప్పేశాను. గ్రహణం, కట్ట, బ్లేడు, ఇంటికొచ్చి చెప్పిన అబద్ధం, అన్నీ. ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. ఒక్కటే అడిగింది.

"అప్పటికి మీకు ఎన్నో నెలమ్మా?"

"ఐదో నెల."

"పెదవి రెండో నెల దాటకముందే అయిపోతుంది. అంగిలి మూడో నెలలో. మీరు బ్లేడు పట్టుకున్న రోజుకు మీ పాప ముఖం మొత్తం తయారై ఉంది. పెదవి అప్పటికి రెండు మూడు నెలల ముందే అలా ఉండిపోయింది."

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. ఇన్నేళ్లలో ఏ ఒక్కరూ ఎన్నో నెల అని అడగలేదు. నన్ను నేనూ అడగలేదు, ముఖం అన్నిటికంటే చివర తయారవుతుందనే నా లెక్క. అయితే మా కంపెనీ వాసనలేమైనా చేశాయా అని కూడా అడిగాను. అది ఒక బిడ్డ విషయంలో అవుననీ కాదనీ చెప్పలేను, బ్లేడు మాత్రం కాదని చెప్పగలను అంది. ఆ చెప్పలేనన్నది ఇప్పటికీ నా మనసులో ఒక మూల ఉంది. కానీ తెలియనిదాన్ని మోయడం వేరు, చేశానని మోయడం వేరు. ఆ డాక్టరమ్మకు చేతులెత్తి దండం పెట్టాను. ఆమె నా చేతులు పట్టుకుని కిందికి దించింది. ఇప్పటికీ ఎవరైనా మంచి మనిషి అంటే నాకు ముందు ఆమే గుర్తొస్తుంది.

పటాన్‌చెరు బస్సులో పిల్ల నా భుజం మీద నిద్రపోయింది. నేను లింగంపల్లి దాకా ఏడ్చాను, అక్కడి నుంచి కోపం వచ్చింది, పటాన్‌చెరులో దిగేసరికి రెండూ పోయాయి. ఇంటికి వెళ్లి ఆమెకు చెప్పాలి, అంతే.

అత్తమ్మ వాకిట్లో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. పిల్ల ఆమెను చూడకుండా లోపలికి వెళ్లి గడప అవతల నిలబడింది. నేను చెప్పులు కూడా విడవకుండా ఆమె ఎదురుగా కూర్చుని, గ్రహణం నాడు కంపెనీలో బ్లేడుతో కోసింది నేను, నా కోసం నువ్వు అబద్ధమాడి అందరి నోళ్లలో పడ్డావు, నేను ఎనిమిదేళ్లు చూస్తూ ఊరుకున్నాను, నన్ను క్షమించు అన్నాను. ఆమె చేట ఆపింది. ఆమె ముఖంలో కోపం లేదు, అర్థం కానట్టు చూసింది.

"అబద్ధమేంది బిడ్డా? నేను నిజంగనే కోసిన."

నేను వెళ్లిపోయాక, గ్రహణం పట్టిన వేళకు, బర్రె దుడ్డె మెడకు తాడు బిగుసుకుని గిలగిల కొట్టుకుందట. ముడి విప్పుదామంటే రాలేదట. కళ్లు తేలేస్తుంటే చూడలేక కొడవలితో తాడు కోసేసిందట. దుడ్డె బతికింది. కోశాక రోకలి ముందు కూర్చుని, ఇంటి కోడలు కడుపుతో ఉండగా ఎంత పని చేశానని తల బాదుకుందట. బిడ్డను చూడగానే తన చేతి పనే అనుకుంది. ఆమె నన్ను కాపాడటానికి ఏమీ కల్పించలేదు. తాను చేశాననుకున్న తప్పును అడిగిన ప్రతివాళ్లకూ, తల వంచుకోకుండా చెప్పుకుంటూ వచ్చింది. నేను దాచాను, ఆమె చెప్పింది. తేడా అంతే. ఆ తేడాకు నాకు సిగ్గేసింది, ఇలాంటి మనిషి చేతిలో నా బిడ్డ పెరిగినందుకు కడుపు నిండిపోయింది.

డాక్టరు చెప్పింది ఆమెకు చెప్పాను. ప్రొటీన్లూ తునకలూ వదిలేశాను, లేబుల్ సంగతి మాత్రం చెప్పాను, నెలల లెక్క చెప్పాను. రెండో నెల, ఐదో నెల. ఆమె చేటను పక్కన పెట్టి, ఉగాదికి ముందు, దసరాకు ముందు అనుకుంటూ తన పద్ధతిలో తాను వెనక్కి లెక్కపెట్టుకుంది.

"జెర మల్లొకసారి చెప్పు."

మళ్లీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పాను.

"గట్లయితే నా చెయ్యి గాదా బిడ్డా?"

"నీ చెయ్యి గాదత్తమ్మా. నాది గూడ గాదు."

ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది. గడప అవతల నిలబడ్డ పిల్ల మొత్తం వింది. మెల్లగా వచ్చి నాయనమ్మ ముందు గొంతుక్కూర్చుంది. అప్పుడు ఆ పిల్ల అన్న మాటతోనే నాకు తెలిసింది, స్నానం చేయించి, తల దువ్వి, అన్నం పెట్టి, పక్కలో పడుకోబెట్టుకున్న ఆ మనిషి ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ పై పెదవి మచ్చ మీద చెయ్యి వేయలేదని. నేను గమనించలేదు. పిల్ల గమనించింది.

"ముట్టు నాయనమ్మా. నొయ్యదు," అంది.

అత్తమ్మ పప్పు దుమ్ము అంటిన చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు తుడుచుకుంది. తర్వాత ఆ మచ్చ మీద వేలు పెట్టింది.